ప్లాటు వేరేవాళ్ల కబ్జాలో ఉందా? పన్నెండేళ్ల లెక్క ఇలా చూసుకోండి

“సార్, మా నాన్న కొన్న ప్లాటులో ఎవరో రేకుల షెడ్డు వేసుకున్నారు. పన్నెండేళ్లు దాటితే అది వాళ్లదే అయిపోతుందట, నిజమేనా?” అమెరికా నుంచి ఫోన్ చేసేవాళ్లూ ఇదే అడుగుతారు, కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఇదే అడుగుతారు. అవతలి వైపు నుంచి అడిగేవాళ్లూ ఉన్నారు: “అన్నా, పద్దెనిమిదేండ్ల సంది మేమే ఉంటున్నం, ఓనరు జాడ లేదు. మా పేరు మీదికి ఎట్ల మార్చుకోవాలె?”

ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులోనూ, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులోనూ ఆస్తి దావాలు చూసే వకీలుగా ఇద్దరికీ నేను ముందు అడిగేది ఒకటే: “ఏ తేదీ నుంచి?” దానికి జవాబు దొరికితే సగం కేసు తేలినట్టే. దొరక్కపోతే ఎన్ని కాగితాలున్నా లాభం లేదు. ఈ వ్యాసం ఆ తేదీని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చేయాలి అన్నదాని గురించే.

చట్టం క్లుప్తంగా ఇదీ. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 65వ ఆర్టికల్ ప్రకారం, హక్కుదారు తన స్థలాన్ని తిరిగి ఇప్పించమని దావా వేయడానికి 12 ఏళ్ల గడువు ఉంటుంది. ఎదుటివారి స్వాధీనం హక్కుదారుకు ‘ప్రతికూలం’గా మారిన రోజు నుంచి ఆ 12 ఏళ్లు మొదలవుతాయి. గడువు దాటితే దావా వేసే అవకాశం పోవడమే కాదు, అదే చట్టంలోని 27వ సెక్షన్ కింద ఆస్తి మీద హక్కే పోతుంది. కోర్టుల్లో దీన్ని అడ్వర్స్ పొసెషన్ అంటాం, తెలుగులో ప్రతికూల స్వాధీనం.

‘మారిన రోజు నుంచి’ అన్న మాట దగ్గరే అందరూ తడబడతారు. కొన్న రోజు నుంచి కాదు. మీరు ఊరు వదిలిన రోజు నుంచి కాదు. అద్దెకిచ్చిన రోజు నుంచీ కాదు. ప్లాటు పాతికేళ్లు పిచ్చిమొక్కలతో ఖాళీగా పడి ఉన్నా, అందులో ఇంకొకరు లేనంతకాలం గడియారం తిరగదు. ఖాళీ స్థలం స్వాధీనం హక్కుదారుదే అని చట్టం చూస్తుంది. “పన్నెండేళ్లుగా పోలేదు, పోయింది” అని బెంగపడి, ఎవడో దళారీ చెప్పాడని సగం ధరకు అమ్ముకున్నవాళ్లను చూశాను. దయచేసి ఆ తప్పు చేయకండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- రిజిస్టర్డ్ సేల్ డీడ్, దాని వెనక లింకు డాక్యుమెంట్లు అన్నీ. కొన్న మనిషి చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, లీగల్ హెయిర్ లేదా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్.
- ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. డాక్యుమెంటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరు, ప్లాటు నంబరుతో ఇంకోసారి వెతకండి. మీ ప్లాటును ఇంకెవరో అమ్మేసిన సంగతి రెండో వెతుకులాటలోనే బయటపడుతుంది.
- లేఅవుట్ ప్లాను, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ రుసుము) కట్టి ఉంటే ఆ కాగితం.
- ఖాళీ స్థలం పన్ను లేదా ఇంటి పన్ను రశీదులు. పన్ను కడితే హక్కు రాదు, కట్టకపోతే పోదు. కానీ మీరు స్థలాన్ని వదిలేయలేదని చూపడానికి పనికొస్తాయి.
- పాత ఫోటోలు. భూమిపూజ, హద్దురాళ్లు పాతిన రోజు, పిల్లల్ని తీసుకెళ్లి చూపించిన రోజు, ఏదైనా సరే.

1. ముందు ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి

12 ఏళ్ల లెక్క ప్రైవేటు వ్యక్తుల భూమికే. ప్రభుత్వ భూమి అయితే 112వ ఆర్టికల్ కింద 30 ఏళ్లు. కార్పొరేషన్ రోడ్డు మీదికో వీధిలోకో ముందుకు జరిగితే 111వ ఆర్టికల్ కింద అదీ 30 ఏళ్లే. సర్వే నంబరు సర్కారీదా, అర్బన్ సీలింగ్ (పట్టణ భూ పరిమితి) చట్టం కింద మిగులుగా పోయిందా, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉందా అన్నది ముందే చూసుకోండి. సర్కారు భూమిలో ఇల్లు కట్టుకున్నవాళ్లు ‘ముప్పై ఏళ్లయింది’ అని కోర్టుకెళ్లడం కంటే, క్రమబద్ధీకరణ జీవోల దారి చూసుకోవడం మేలు. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 కింద 125 గజాల వరకు ఉచితంగా, జీవో 59 కింద సొమ్ము కట్టించుకుని ఇచ్చారు. అలాంటి అవకాశం మళ్లీ తెరిచారేమో తహసీల్దారు కార్యాలయంలో అడగండి.

వక్ఫ్ భూమి సంగతి ప్రత్యేకం. 1995 చట్టంలోని 107వ సెక్షన్ వల్ల వక్ఫ్ ఆస్తులకు ఈ గడువే వర్తించేది కాదు. 2025 సవరణలో ఆ సెక్షన్‌ను తీసేశారు, ఆ సవరణ చట్టం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మీ స్థలం వక్ఫ్ గెజిట్‌లో ఉంటే ఇక్కడ చదివింది పక్కనపెట్టి, ఆ కేసులు చూసే వకీలునే కలవండి. రక్షిత కౌలుదారుల భూములకూ అంతే, 1950 నాటి కౌలు చట్టం కథ పూర్తిగా వేరు.

2. వాళ్లు లోపలికి ఎలా వచ్చారో రాసుకోండి

పెన్ను పట్టుకుని కూర్చుని నిజాయితీగా రాయండి. స్వాధీనం ‘ప్రతికూలం’ కావాలంటే మీ అనుమతి లేకుండా, అందరికీ కనిపించేలా, మీ హక్కును కాదంటూ, విరామం లేకుండా ఉండాలి. అనుమతితో మొదలైన స్వాధీనం ఎన్నేళ్లు సాగినా అనుమతే.

కిరాయిదారు ఇరవై ఏళ్లున్నా కిరాయిదారే. వాచ్‌మన్‌గా పెట్టిన కుటుంబం, ‘కొన్నాళ్లు ఉండనీ’ అని మీరు దయతలచి ఉంచిన చుట్టం, వీళ్లందరూ మీ తరఫున ఉన్నట్టే. అగ్రిమెంటు రాసుకుని, సగం డబ్బిచ్చి, స్థలం స్వాధీనం తీసుకున్న కొనుగోలుదారు కూడా మీరిస్తేనే లోపలికి వచ్చాడు కనుక సాధారణంగా ఈ వాదన చేయలేడు. అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడంటే అందరి తరఫునా ఉన్నట్టు లెక్క. “నీకు ఇందులో భాగం లేదు, గడప తొక్కకు” అని మిగతావాళ్లను తెగేసి బయటికి నెట్టిన తేదీ చూపించగలిగితేనే అతనికి గడియారం మొదలవుతుంది.

ఇక్కడ జాగ్రత్త. వాచ్‌మన్ ఒక రోజు “ఇది నాది, ఏం చేసుకుంటావో చేసుకో” అన్నాడనుకోండి. ఆ మాట నలుగురి ముందు అన్న రోజు నుంచి కథ మారుతుంది. ఆ తేదీ వెంటనే రాసిపెట్టుకోండి, ఎవరెవరు విన్నారో కూడా.

3. తేదీ పట్టుకోండి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. ఒకసారి తుర్కయంజాల్ దగ్గర 200 గజాల ప్లాటు చూడ్డానికి ఒక టీచరమ్మతో వెళ్లాను. ఆవిడ పాతించిన కడీల్లో రెండే మిగిలాయి, వాటికే తీగ కట్టి బర్రెలు కట్టేశారు. మధ్యలో రేకుల గది. “పద్నాలుగేండ్ల సంది ఇక్కడే ఉన్నం” అన్నాడు లోపలున్న పెద్దాయన. టీచరమ్మ మొహం పాలిపోయింది. గది వెనక వేపచెట్టుకు మేకు కొట్టి కరెంటు మీటరు డబ్బా తగిలించి ఉంది, పక్కనే గోడ మీద సర్వీసు నంబరు పెయింటుతో రాసి ఉంది. ఆ నంబరు రాసుకుని కరెంటు సెక్షన్ ఆఫీసులో అర్జీ పెట్టాం. సర్వీసు ఇచ్చి తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. శాటిలైట్ చిత్రాల్లో అంతకు ముందు ఏడాది ఆ జాగా చదునుగా, గది లేకుండా, నాలుగు కడీలతో కనిపించింది. దావా గడువులోనే పడింది.

మీరూ ఇలాగే నాలుగు వైపుల నుంచి రండి.

కరెంటు: మీటరు మీదో బిల్లు మీదో ఉన్న యూఎస్‌సీ నంబరు రాసుకోండి. ఎప్పుడు, ఎవరి పేరున, ఏ కాగితం మీద సర్వీసు ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. నల్లా కనెక్షన్ ఉంటే క్యాన్ నంబరుతో జలమండలిని కూడా.

ఇంటి నంబరు: జీహెచ్‌ఎంసీలో ఆ నిర్మాణానికి పీటిన్ (ఇంటి పన్ను గుర్తింపు నంబరు) ఇచ్చి ఉంటే, మొదటిసారి పన్ను వేసిన సంవత్సరం తెలుస్తుంది.

ఆకాశం నుంచి: గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు చూసే వీలుంది. ఏడాదికేడాది వెనక్కి వెళుతూ, గది లేని చివరి చిత్రం, గది ఉన్న మొదటి చిత్రం, రెండూ తేదీతో సహా భద్రపరచండి. బరువైన సాక్ష్యం కావాలంటే బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి తేదీ ఉన్న చిత్రాలు తీసుకోవచ్చు. ఫోన్‌లో తీసిన ఫోటో అయినా, కంప్యూటర్ ప్రింటు అయినా కోర్టులో పెట్టేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. ఇది లేక మంచి సాక్ష్యం పక్కకు పోయిన కేసులున్నాయి.

చుట్టుపక్కల: కిరాణా కొట్టు, పక్క ప్లాటు ఓనరు, కాలనీ సంఘం అధ్యక్షుడు. “ఎప్పుడొచ్చారు?” అని అడిగితే గుర్తురాదు. “మీ అమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా?” “కరోనాకు ముందా?” అని అడగండి, ఠక్కున చెబుతారు.

4. లెక్క కట్టండి

తేదీ దొరికాక వేళ్ల మీద లెక్క పెట్టేస్తే చాలదు. గడియారం దేనికి ఆగుతుందో, దేనికి ఆగదో తెలుసుకోవాలి.

లీగల్ నోటీసుకు ఆగదు. పోలీసు ఫిర్యాదుకు ఆగదు. కలెక్టరేట్‌లో ప్రజావాణి అర్జీకీ ఆగదు. మీరు చనిపోతే వారసులకు కొత్తగా మొదలవదు, మీరు అమ్మేస్తే కొన్నవారికీ కొత్తగా మొదలవదు, పాత లెక్కే కొనసాగుతుంది. కబ్జాలో ఉన్నవాడు ఇంకొకడికి అమ్మి స్వాధీనం అప్పగించినా ఇద్దరి కాలాన్నీ కలుపుకొనే వీలుంటుంది.

ఆపేవి కొద్దే. గడువు లోపల మీరు దావా వేయడం, అందులోనూ మధ్యలో వదిలేయకుండా నడిపించడం. చట్టబద్ధంగా స్వాధీనం తిరిగి తీసుకోవడం. లేదా కబ్జాదారే “స్థలం మీదే, కొన్నాళ్లు ఉండనివ్వండి” అని రాసివ్వడం. అలా రాసిచ్చిన చిన్న చీటీ కూడా ఇలాంటి కేసుల్లో బంగారం.

నోటీసుల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే జరిగింది. ఉప్పల్ వైపు మా మేనమామకు 150 గజాల ప్లాటుండేది. అందులోకి ఒకాయన చొరబడి గోడ కట్టాడు. మామయ్య ఒక వకీలు దగ్గరికి వెళ్లాడు. ఆయన నోటీసు పంపించాడు. జవాబు లేదు. రెండేళ్ల తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. పోస్టాఫీసు రశీదులు, తిరిగొచ్చిన అకనాలెడ్జ్‌మెంటు కార్డులు ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకున్నాడు. దావా వేసేసరికి పన్నెండేళ్లు దాటి ఎనిమిది నెలలు. ఆ నోటీసులే ఎదుటివాళ్లకు సాక్ష్యమయ్యాయి. ‘ఫలానా తేదీన నా అనుమతి లేకుండా చొరబడ్డావు’ అని మామయ్య తన చేతులతోనే తేదీ రాసిచ్చాడు కదా. ఆ కవరు ఇప్పుడు నా దగ్గర ఉంది. ఎవరైనా “నోటీసిచ్చాం సార్, ఇంకేం భయం లేదు” అంటే అది తీసి చూపిస్తాను.

కరోనా కాలం గురించి కూడా అడుగుతుంటారు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువు లెక్కల నుంచి మినహాయిస్తూ సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. మీ లెక్క అంచు మీద ఉంటే ఇది ప్రాణాధారం కావచ్చు, వకీలు చేత తప్పకుండా చూపించుకోండి. కానీ ‘ఇంకా రెండేళ్లు కలిసొస్తాయి’ అని దాని మీద నమ్మకంతో ఆగకండి. హక్కుదారు మైనరైతే మేజరయ్యాక కొంత వెసులుబాటు ఉంటుంది, అదీ మూడేళ్లకు మించదు.

5. మీ లెక్కను బట్టి దారి ఎంచుకోండి

ఆరు నెలల లోపయితే: స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా. ఇక్కడ హక్కు ఎవరిదన్న చర్చ ఉండదు. నిన్నటిదాకా స్వాధీనంలో మీరున్నారు, చట్టప్రకారం కాకుండా గెంటేశారు, ఇంతే చూపాలి. దీని మీద అప్పీలు లేదు. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా వేయలేరు. కబ్జా అయిన వారం లోపల మేల్కొన్నవాళ్లకు ఇంతకంటే మంచి ఆయుధం లేదు, కానీ వాడుకునేవాళ్లు తక్కువ.

ఆరు నెలలు దాటి, 12 ఏళ్ల లోపయితే: హక్కు ప్రకటించి స్వాధీనం ఇప్పించమని దావా. చాలామంది ఖర్చు తగ్గుతుందని ఒక్క ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) మాత్రమే అడుగుతారు. ఇది పెద్ద పొరపాటు. 2008లో వరంగల్ స్థలాలకు చెందిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది: స్వాధీనం మీ చేతుల్లో లేకపోతే ఇంజంక్షన్ ఒక్కటే చాలదు, హక్కు మీద గట్టి వివాదముంటే డిక్లరేషన్ (హక్కు ప్రకటన) కూడా అడగాల్సిందే. కోర్టు ఫీజు ఆస్తి విలువ మీద పడుతుంది కాబట్టి బరువనిపిస్తుంది. కానీ తప్పు దావా వేసి ఐదేళ్లకు ఓడితే, ఆ ఐదేళ్లూ కబ్జాదారు ఖాతాలోకి పోతాయి.

ఎదుటివారు దొంగ సేల్ డీడ్ కూడా పుట్టించి ఉంటే, దాన్ని రద్దు చేయమని అడగడానికి మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. ఈసీలో కొత్త పేరు కనబడ్డ రోజు తేదీతో ప్రింటు తీసి పెట్టుకోండి.

12 ఏళ్లు దాటిందనిపిస్తే: చేతులెత్తేయకండి. స్థలం తనదైపోయిందని నిరూపించాల్సిన బరువు మీ మీద కాదు, కబ్జాదారు మీద ఉంటుంది. మీ పట్టా గట్టిదైతే, అతను ఏ తేదీన వచ్చాడు, ఏ హోదాలో వచ్చాడు, మీకు తెలిసేలా ఉన్నాడా, ఎంతకాలం, బహిరంగంగా, అడ్డు లేకుండా ఉన్నాడా అన్న ప్రతిదీ అతనే రుజువు చేయాలి. 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఇవన్నీ వరసగా చెప్పింది. “చాలా ఏళ్ల సంది ఉంటున్నం” అన్న మాట ఒక్కటే రాసి గెలిచిన ప్రతివాదిని నేనింకా చూడలేదు.

6. దావా వేసేటప్పుడు, వేశాక

కొలతలు ముందే తీయించండి. మీసేవలో ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెడితే సర్వేయరు వచ్చి హద్దులు చూపుతాడు. డీడ్‌లోని హద్దులకూ నేల మీది హద్దులకూ తేడా ఉంటే దావాలో అదే రాయండి, కప్పిపుచ్చకండి. ‘షెడ్యూల్ ఆస్తి’ తప్పుగా రాసి, డిక్రీ (కోర్టు తీర్పు ఆదేశం) వచ్చాక పక్క ప్లాటు ముందు నిలబడ్డవాళ్లున్నారు.

దావాతోపాటే అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే స్థలం చూసి రావడానికి కోర్టు నియమించే వకీలును, పంపమని అర్జీ వేయండి. ఆయన వెళ్లి గది ఎంత ఉంది, గోడ పాతదా కొత్తదా, చెట్లేమున్నాయి అని రాసి, ఫోటోలతో రిపోర్టు ఇస్తాడు. ఆ తర్వాత అవతలివాళ్లు కొత్త గోడ కట్టి పాతదని చెప్పలేరు. స్థలాన్ని అమ్మకుండా, కొత్తగా కట్టకుండా తాత్కాలిక ఉత్తర్వులు కూడా అడగండి. వాళ్లే ముందు కోర్టుకెళ్లి మీ మీద ఏకపక్షంగా స్టే తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే కేవియట్ (నా మాట వినకుండా ఉత్తర్వులివ్వొద్దని ముందే పెట్టే అర్జీ) వేయండి. అది 90 రోజులే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయాలి.

ఒక గట్టి హెచ్చరిక. రాత్రికి రాత్రి జేసీబీ పంపి కూల్చేద్దామన్న సలహా ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. ‘సెటిల్‌మెంటు’ చేస్తామని సగం స్థలం అడిగేవాళ్లూ వాళ్లే. స్థిరపడ్డ స్వాధీనాన్ని హక్కుదారు అయినా సరే కోర్టు ద్వారానే తొలగించాలి. లేకపోతే క్రిమినల్ కేసు మీ మీద పడుతుంది, పైగా 6వ సెక్షన్ దావా వాళ్లే మీ మీద వేస్తారు.

మీరే స్వాధీనంలో ఉన్నవారైతే

ఈ భాగం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. 2008లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులే ఈ చట్టం నిజమైన యజమాని పట్ల కఠినమని బాధపడ్డారు, మార్చే సంగతి చూడమన్నారు. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్చనవసరం లేదంది. చట్టం ఉంది, దాని కింద నిజంగా న్యాయం జరగాల్సిన పేదలూ ఉన్నారు. ముప్పై ఏళ్ల కింద నమ్మి కొనుక్కుని, కాగితం సరిగ్గా లేక అవస్థ పడుతున్న బస్తీల వాళ్లను రోజూ చూస్తాను. వాళ్ల కోసం రాస్తున్నాను.

2019 ఆగస్టు 7న ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం స్పష్టంగా చెప్పింది: ప్రతికూల స్వాధీనం వల్ల హక్కు వచ్చినవాళ్లు ప్రతివాదిగా అడ్డుపడటమే కాదు, వాదిగా తామే దావా వేయొచ్చు. అంతకు ముందు ఈ వాదన డాలుగా మాత్రమే పనికొస్తుందని 2013లో వచ్చిన తీర్పు చెప్పేది.

ఎక్కువమంది ఓడిపోయే తప్పు ఒకటుంది. “నేను కొన్నాను, కాబట్టి నాది. కొనలేదని తేలినా పన్నెండేళ్లున్నాను, కాబట్టి నాదే” అని రెండూ కలిపి వాదిస్తారు. ఈ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ప్రతికూల స్వాధీనం అనాలంటే అసలు యజమాని ఫలానా అని ముందు ఒప్పుకోవాలి, అతని హక్కును కాదంటూ ఉన్నానని చెప్పాలి. యజమానే తెలియకుండా ‘ప్రతికూలం’ ఎవరికి? నోటరీ కాగితంతో కొన్నవాళ్లకు ఏ దారి మంచిదో వకీలుతో కూర్చుని తేల్చుకుని, ఒక దారిలోనే వెళ్లండి.

కాగితాలుగా మొదటి కరెంటు బిల్లు, ఇంటి పన్ను రశీదులు, ఆ చిరునామాతో ఉన్న ఓటరు కార్డు, పిల్లల స్కూలు రికార్డు తీసుకోండి. వీటిలో ఏదీ హక్కు ఇవ్వదు, కాలాన్ని మాత్రమే చూపుతాయి. మధ్యలో రెండేళ్లు తాళం వేసి ఊరెళ్లారా? ఆ విరామం మీద క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు వదలడు, ముందే మీ వకీలుకు చెప్పండి.

ప్లాటు ఇంకా ఖాళీగానే ఉంటే

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ప్లాటు దగ్గరికి వెళ్లండి. నాలుగు మూలల నుంచీ ఫోటోలు, వెనక కనిపించే గుడి గోపురమో ట్రాన్స్‌ఫార్మరో ఫ్రేములో పడేలా. కడీలు పాతి తీగ కట్టించండి, వీలుంటే ప్రహరీ కట్టి మీ పేరు, డాక్యుమెంటు నంబరుతో బోర్డు పెట్టండి. ఏడాదికొకసారి ఈసీ. ఎవరినైనా ఉండనిస్తే వంద రూపాయల స్టాంపు కాగితం మీదైనా లైసెన్సు ఒప్పందం రాయించండి, చుట్టమైనా సరే. అడగడానికి మొహమాటంగా ఉంటుందని తెలుసు. అయినా రాయించండి.

పక్కింటివాళ్లు ప్రహరీ కట్టేటప్పుడు రెండడుగులు మీ వైపు జరిపారని అనుమానం వస్తే పునాది దశలోనే కొలిపించండి. ఆ రెండడుగుల పట్టీకి కూడా ఇదే పన్నెండేళ్లు.

ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

డిక్రీ వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు. డిక్రీ నకలులో సర్వే నంబరు, ప్లాటు నంబరు, గజాలు, నాలుగు హద్దులు అక్షరం అక్షరం డీడ్‌తో పోల్చండి. తప్పుంటే వెంటనే సవరణ అర్జీ వేయండి. అవతలివాళ్లు అప్పీలుకెళ్లి స్టే తెచ్చారా అని చూసుకుని, లేకపోతే అమలు పిటిషన్, అంటే ఈపీ, వేయండి. స్వాధీనం డిక్రీ అమలుకూ 12 ఏళ్లే గడువు. దావా గెలిచి, ఈపీ వేయకుండా కాగితం ఫ్రేము కట్టించుకున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి నా దగ్గరికి పదమూడో ఏట వచ్చాడు.

కోర్టు బెయిలిఫ్ స్వాధీనం అప్పగించే రోజు మీరు స్వయంగా ఉండండి. రాలేకపోతే రిజిస్టర్డ్ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉన్న మనిషిని పంపండి. పంచనామాలో గది ఖాళీగా ఉందనీ, తాళం మీ చేతికిచ్చారనీ రాశారో లేదో చదివాకే సంతకం పెట్టండి. అదే రోజు కొత్త తాళం వేయండి, మీటరు మీ పేరు మీదికి మార్చమని గానీ తీసేయమని గానీ కరెంటు ఆఫీసులో అర్జీ ఇచ్చి, రశీదు తీసుకుని ఇంటికి వెళ్లండి.